ఎర్రదుమ్ము ఊళ్లో గోడకు ఏ రంగు వేయించాలి?

పెండ్లి కుదిరిందనో దసరా దగ్గరపడిందనో ఇంట్లో ఒక గదికి కొత్తగా రంగు వేయిద్దామనుకుంటాం. మేస్త్రీ దొరుకుతాడు, కూలి మాట్లాడుకుంటాం, షేడ్ కార్డు తెచ్చి ముంగట పెడతాడు. పని అక్కడ ఆగుతుంది. నలుగురికి నాలుగు రంగులు నచ్చుతాయి. కొడుకు ఫోన్‌లో దాచుకున్న ఫొటో తీస్తాడు: బూడిద రంగు గోడ, తెల్ల సోఫా, మూలకు ఒక మొక్క. కోడలికి పిస్తా రంగు కావాలి. పెద్దాయన మాత్రం "తెల్లగ కొట్టియ్యిండ్రి, అయిపోతది" అంటాడు.

ఫొటోలోని గది ఏ ఊరిదో తెలియదు గానీ అందులో నల్లగొండ ఎండ లేదు. పాలమూరు చెల్కల మీద నుంచి లేచే ఎర్రదుమ్ము లేదు. కింద షాబాదు బండలు లేవు. మన దగ్గర గోడ రంగును తేల్చేవి ఈ మూడే. నచ్చడం, నచ్చకపోవడం తర్వాతి సంగతి. వెలుతురుతో, దుమ్ముతో, నేలతో పొసగని రంగు ఎంత ముచ్చటపడి వేసుకున్నా ఏడాది తిరిగేసరికి కళ్లకు బరువైపోతుంది. అందుకే ఇక్కడ ఒక్కో రంగునూ ఈ మూడింటి ముందు నిలబెట్టి చూద్దాం.

పోలికకు ఒక మామూలు అర్ర తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఒక తలుపు, ఒక కిటికీ, టేకు దర్వాజ, కింద నీలిబూడిద షాబాదు బండలు, పైన స్లాబు. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఎక్కడికి పోయినా పాతికేండ్ల కింద కట్టిన ఇంట్లో ఇలాంటి అర్ర ఒకటైనా కనిపిస్తుంది.

కిటికీ ఎటువైపుంది?

ఉత్తరం గదికి ఎండ రాదు, వెలుతురు నీలంగా చల్లగా ఉంటుంది, అక్కడ వెచ్చని రంగులే వేయాలి అని రంగుల సలహాల్లో పదేపదే చెప్తుంటారు. లండన్‌లో ఉండేవాళ్లకు అది చాలావరకు నిజం. మనకు సగమే నిజం. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఎండ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా లోపలికి పడుతుంది. అంటే మండుటెండల కాలంలో ఉత్తరం గది చీకటి గది కాదు. చలికాలంలో, ముసురు పట్టినప్పుడు మాత్రం అక్కడ ఆకాశపు వెలుతురు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ నెలల్లో ఎండ దక్షిణం కిటికీకి వస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం పన్నెండుకు కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి ఎండ గది నడిమధ్య వరకూ పాకుతుంది.

తూర్పు గదితో పేచీ లేదు. పొద్దున కొంచెంసేపు బంగారు వెలుగు, తర్వాత రోజంతా నెమ్మదైన వెలుతురు. దాదాపు ఏ రంగైనా నిలబడుతుంది. అసలు పరీక్ష పడమటి గదికే. మూడు దాటాక అక్కడి ఎండ గోడ మీద పసుపుగా పడుతుంది, పొద్దు వాలేకొద్దీ నారింజకు తిరుగుతుంది. పొద్దున చూసి ఎంచుకున్న చక్కని క్రీమ్ సాయంత్రానికి బెల్లం రంగులో కనిపిస్తుంది. పీచ్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో అందరూ ఆ గదిలో కూర్చునేదే సాయంత్రం అయినప్పుడు, పొద్దున బాగుందని ఏం లాభం?

ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది: లోపల ముదురు రంగు వేస్తే గది ఉడికిపోతుందని. మే నెలలో మన జిల్లాల్లో 43, 44 డిగ్రీలు మామూలే. కానీ ఆ వేడి లోపలి రంగు చూసి రాదు. ఎండకు కాగిన స్లాబు మీది నుంచీ పడమటి గోడ బయటి నుంచీ వస్తుంది. చల్లదనమే కావాలనుకుంటే ఆ డబ్బు మిద్దె మీద ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పూతకు పెట్టాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే. లోపలి రంగుతో మారేది వెలుతురు. అది ఎంత మారుతుందో చెప్పడానికి ఒక అంకె ఉంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. పడ్డ వెలుతురులో గోడ ఎంత తిప్పి కొడుతుందో సున్నా నుంచి 100 వరకు చెప్పే లెక్క అది. మంచి తెలుపు 80 దాటుతుంది, లేత క్రీమ్ 70 పైచిలుకు ఉంటుంది, ముదురు నీలం 10 దగ్గర ఉంటుంది. ఒకే చిన్న కిటికీ ఉన్న అర్రకు నాలుగు గోడలకూ 60 కంటే తక్కువ రంగు వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తుంది.

తెలుపు

తెలుపంటే ఒకటే అనుకుంటాం. షాపులో వేర్వేరు తెల్ల డబ్బాల మూతలు తీయించి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నీలం కొడుతుంది, ఒకటి పసుపు కొడుతుంది, ఇంకోటి బూడిద వైపు పోతుంది. వెనకటికి సున్నంలో చిటికెడు నీలిమందు వేసేవాళ్లు. సున్నంలో ఉండే పసుపు జీరను అది కప్పి గోడ పాలలా కనిపించేలా చేస్తుంది. నీలం కొట్టే తెలుపు ఇప్పటికీ పల్లెల్లో పెద్దవాళ్లకు నచ్చేది ఆ అలవాటుతోనే.

తెలుపులో సుఖం ఉంది. మెషిన్‌లో కలపాల్సిన పని లేదు, ఏ షాపులోనైనా దొరుకుతుంది, ఎక్కడైనా పెచ్చు లేస్తే అంతవరకు అద్దినా అతుకు పెద్దగా కనిపించదు. వెలుతురు దండిగా ఇస్తుంది. కానీ రోడ్డు పక్క ఇంట్లో, చేనుకు దగ్గరున్న ఇంట్లో తెల్లగోడ ఎలా పాడవుతుందో దగ్గరికి పోయి చూడండి. స్విచ్‌బోర్డు చుట్టూ వేళ్ల మరకలు. మంచం తలాపున తల నూనె మచ్చ. కిటికీ చువ్వల కింది అంచు నుంచి వానజల్లుతో కలిసి జారిన ఎర్రటి చారలు. గోడకూ స్లాబుకూ మధ్య మూలల్లో ఫ్యాను గాలికి చేరిన దుమ్ము గీత. తుడిస్తే మరక ఇంకా వెడల్పవుతుంది తప్ప పోదు. నా ఉద్దేశంలో తెలుపు స్లాబుకు వేయాల్సిన రంగు, నాలుగు గోడలకు కాదు. గది మరీ చీకటిగా ఉంటే తప్ప.

క్రీమ్, ఐవరీ, గంధం

ఎవరూ గొప్పగా చెప్పుకోని రంగు ఇది. 'అందరిండ్లల్లో ఉండేదే కదా' అంటారు. అందరి ఇండ్లల్లో ఎందుకుందో చూడాలి మరి. మన మట్టి ఎర్రగా ఉండటానికి కారణం అందులోని ఇనుప ఆక్సైడు. చాలా క్రీమ్ షేడ్లకు ఆ ఛాయ తెచ్చేది కూడా అదే జాతికి చెందిన పసుపు ఆక్సైడే. గోడ మీద వాలిన దుమ్ము పరాయి రంగులా కనిపించకపోవడానికి అదే కారణం. తెల్లగోడ ఆరు నెలల్లో మాసినట్టు కనిపించే చోట క్రీమ్ గోడ రెండేండ్లు గౌరవంగా ఉంటుంది.

టేకు దర్వాజతో క్రీమ్‌కు బాగా కలుస్తుంది. షాబాదు బండల నీలిబూడిద మీద వెచ్చగా నిలుస్తుంది, నేలకూ గోడకూ తేడా తెలుస్తుంది. మంచం మీద పోచంపల్లి దుప్పటి పరిచే ఇల్లయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఎరుపు, నలుపు, తెలుపు కలనేతతో అంత సందడి ఉన్న బట్ట వెనక గోడ నోరు మూసుకుని ఉండాలి.

క్రీమ్ బెడిసికొట్టే చోట్లు రెండు. ఒకటి, ముందే చెప్పిన పడమటి గది. రెండు, కింద పసుపు రకం తాండూరు బండలు పరిచిన గది. నేల పసుపు, గోడ పసుపు, పైన పసుపు లైటు పెడితే గదికి కామెర్లు పట్టినట్టే. అక్కడ పసుపు తక్కువగా, తెలుపు ఎక్కువగా ఉండే ఐవరీ దగ్గర ఆగాలి. ఎక్కడైనా సరే కార్డులో నచ్చిన క్రీమ్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోవడం మంచిది. రెండంగుళాల చీటీ మీద లేతగా కనిపించేది నాలుగు గోడలూ ఎక్కాక చిక్కబడుతుంది. ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడి రెండూ కలిసి పెరుగుతాయి.

బూడిద

ఇప్పుడు ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది నిరాశపడేదీ ఇదే. లేత బూడిద మీద ఎర్రదుమ్ము పడితే కలిసిపోదు, మాపులా పైకి తేలుతుంది. కింద షాబాదు బండలుంటే గోడ ఎక్కడ మొదలైందో నేల ఎక్కడ అయిపోయిందో తెలియదు. దానికి తోడు మన కండ్లకు సిమెంటు ప్లాస్టరింగు బాగా అలవాటు. ఎంత ఖరీదైన షేడ్ వేసినా చూడవచ్చిన పెద్దమ్మ అనే మాట ఒకటే ఉంటుంది: "గిదేంది బిడ్డా, సున్నం ఎయ్యని గోడ లెక్కుంది. పైసలు సరిపోలేదా?"

బూడిదలో ఇంకో తంటా ఏంటంటే అది వెలుతురును బట్టి రంగు మార్చుకుంటుంది. షాపు ట్యూబ్‌లైటు కింద నిఖార్సయిన బూడిదలా ఉన్నది ఇంటికొచ్చి ఉత్తరం గదిలో పొద్దుగూకే వేళకు నీలం కొడుతుంది, కొన్ని వంకాయ రంగు కూడా కొడతాయి. అలాగని బూడిద పనికిరాదని కాదు. ఏసీ పెట్టి కిటికీలు మూసి ఉంచే పడకగది, కింద తెల్లని టైల్స్, తూర్పునో దక్షిణానో పెద్ద కిటికీ. ఇవి కలిసొస్తే వేసుకోవచ్చు. అప్పుడు కూడా నీలం కొట్టే బూడిద వద్దు, గోధుమ వైపు మొగ్గే వెచ్చని బూడిద అడగండి. దుమ్ముతో అది కాస్త రాజీపడుతుంది.

లేత ఆకుపచ్చ, లేత నీలం

పడమటి గదికి ఇవే అసలు మందు. సాయంత్రం ఎండలోని నారింజను ఇవి కొంత విరుస్తాయి, గది కండ్లకు చల్లగా కనిపిస్తుంది. వేడి తగ్గదు, తగ్గినట్టు అనిపిస్తుంది. మే నెలలో అది కూడా చిన్న విషయమేం కాదు.

రెండింట్లో నేను ఆకుపచ్చ వైపే మొగ్గుతాను. టేకు దర్వాజ పక్కన ఆకుపచ్చ హాయిగా ఉంటుంది, షాబాదు బండలతోనూ పేచీ లేదు. దుమ్ము పడితే కొంచెం మసకబారుతుంది తప్ప మచ్చలా కనిపించదు. నీలం మీద మాత్రం ఎర్రదుమ్ము దాక్కోలేదు. కానీ ఆకుపచ్చను ఎంచుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. "పిస్తా" అని ఒక్క మాటంటే షాపులో మెషిన్ కలిపిచ్చేది చాలాసార్లు మరీ పచ్చిగా ఉంటుంది. దాన్ని నాలుగు గోడలకూ వేస్తే వెలుతురంతా ఆకుపచ్చగా మారి మనుషుల మొహాల మీద పడుతుంది. అలాంటి అర్రలో అద్దం ముందు కూర్చున్న పెండ్లికూతురు మొహం జ్వరం తగ్గి లేచినట్టు కనిపిస్తుంది, మేకప్ చేసేవాళ్లు కుర్చీ ఎత్తుకుని వరండాలోకి పోతారు. కాబట్టి బూడిద కలిసిన, బాగా అణిగిన ఆకుపచ్చే తీసుకోవాలి. ఎండిన వేపాకు మీద తెల్లపొడి చల్లితే ఎలా ఉంటుందో ఆ ఛాయ. కిటికీ అవతల వేపచెట్టో కానుగచెట్టో ఉంటే ఇంకా లేతది. చెట్టే సగం ఆకుపచ్చను లోపలికి పంపుతుంది.

లేత నీలం చలికాలంలో, ముసురులో ఉత్తరం గదిని దిగులుగా చేస్తుంది. తెల్ల టైల్స్ ఉన్న పడమటి గదికి, పిల్లలు పట్టుబట్టిన గదికి సరే.

పీచ్, గులాబీ, లావెండర్ గురించి ఎక్కువ చెప్పను. పీచ్ దుమ్మును బాగానే దాస్తుంది, పడమటి గదికి మాత్రం వద్దు. లావెండర్ పసుపు లైటు కింద మట్టి రంగుకు దిగిపోతుంది.

ఒక్క గోడకు ముదురు రంగు

మూడు గోడలు లేతగా, ఒకటి ముదురుగా వేయించడం బాగా నడుస్తోంది. తప్పులేదు గానీ ఏ గోడ అన్నది ముఖ్యం. కిటికీ ఉన్న గోడకు ముదురు వేస్తే కిటికీ వెలుగుకూ గోడ చీకటికీ మధ్య కండ్లు గుంజుతాయి. మంచం తలాపు గోడ సరైనది. తల నూనె మచ్చ కూడా అక్కడ దాగిపోతుంది.

ఖర్చు ముందే తెలుసుకోండి. ముదురు షేడ్లు కలిపే బేసులో తెల్లపొడి, అంటే టైటానియం డయాక్సైడ్, తక్కువగా ఉంటుంది, కొన్నింటిలో ఉండనే ఉండదు. గోడను కప్పే శక్తి ఎక్కువగా వచ్చేది ఆ పొడితోనే. అందుకే నిక్కమైన ఎరుపు, పసుపు లాంటివి రెండు చేతులకు, అంటే రెండు పూతలకు, గోడను కప్పవు, మూడో చేయి అడుగుతాయి. గోరు గీసినా కుర్చీ తగిలినా లోపల నునుపుకు పెట్టిన లప్పం (పుట్టీ) తెల్లగా బయటపడుతుంది. రేపు మళ్లీ లేత రంగుకు మారాలంటే ముందు ప్రైమర్ కొట్టాలి.

ముదురే కావాలంటే ఫొటోల్లోని నేవీ బ్లూ కంటే మన జాజు ఎరుపు మేలు. గడపలకూ అరుగులకూ గోడల అడుగు పట్టీకీ వెనకటి నుంచి పూస్తున్న రంగే. అది కూడా ఇనుప ఆక్సైడే కాబట్టి ఎండకు వెలవదు, దుమ్ముకు బెదరదు. మిగతా మూడు గోడలకు ఐవరీ వేసి తలాపు గోడకు జాజు వేస్తే ఏ షేడ్ కార్డూ చూపించని అందం వస్తుంది.

దీనికి చెల్లెలు లాంటి పద్ధతి ఇంకోటుంది. కింద మూడు, మూడున్నర అడుగుల వరకు కొంచెం ముదురు, పైన లేత. బడి గోడ, పోలీస్ స్టేషన్ గోడ గుర్తొస్తాయని చాలామంది ముఖం చిట్లిస్తారు. అక్కడ ఆ పద్ధతి పెట్టిన కారణాలే మన ఇంట్లోనూ ఉన్నాయి: పిల్లల చేతులు, కుర్చీ వీపులు, తడిగుడ్డ చిమ్మిన నీళ్లు. హాలుకూ పిల్లల అర్రకూ కింద అణిగిన ఆకుపచ్చో గోధుమో, పైన క్రీమో వేసి, కింది భాగానికి కడగడానికి వీలైన సాటిన్ ఎమల్షన్, అంటే కొంచెం మెరుపుండే ప్లాస్టిక్ పెయింట్, వాడితే పదేపదే రంగు వేయించే బాధ తప్పుతుంది. కింది భాగానికి వెనకటిలా మెరిసే ఆయిల్ పెయింట్ అక్కర్లేదు.

లైటు ముందు, రంగు తర్వాత

గది కొత్తగా చేయిస్తున్నప్పుడు లైట్లు కూడా మారుస్తాం. ఆ పని రంగుకు ముందే తేల్చుకోవాలి. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద కె అనే అక్షరం పక్కన ఒక అంకె ఉంటుంది. 2700, 3000 అంటే పసుపు వెలుగు. 4000 అంటే మధ్యస్థం. 6500 అంటే తెల్లగా నీలం కొట్టే వెలుగు. ఏమీ చెప్పకుండా బల్బు ఇవ్వమంటే ఎక్కువగా చేతికొచ్చేది 6500. దాని కింద క్రీమ్ పాలిపోతుంది, బూడిద ఇంకా చల్లబడుతుంది, లేత నీలం మరీ పేలవంగా తయారవుతుంది. 4000 బల్బు కింద దాదాపు అన్ని రంగులూ పగలు కనిపించినట్టే కనిపిస్తాయి. క్రీమ్ గదికి 3000 పెడితే పడకగదికి హాయి, చదువుకునే గదికి మత్తు.

రంగు కాదు, గోడే అడ్డం పడే చోట

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లతోనే కట్టి, ఆ నీళ్లతోనే తడిపిన గోడలు. పాత ఇండ్లకు పునాది మీద చెమ్మ ఆపే పొర కూడా ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కి ఆరినచోట ఉప్పును వదిలేస్తుంది. కింది రెండు మూడు అడుగుల్లో తెల్లగా బూజులా పొంగేదీ లప్పాన్ని పొట్టులా లేపేదీ ఆ ఉప్పే. అలాంటి గోడ మీద ఏ రంగు బాగుంటుందని తర్కించడం దండగ. రెండడుగుల ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు పడితే గోడ తడిగా ఉన్నట్టే. లేచిన చోట ప్లాస్టరింగు కనిపించేదాకా గీకి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరాకే వైట్ సిమెంట్ లప్పం పెట్టించాలి. ఉప్పు మళ్లీ వచ్చే అనుమానం ఉంటే ఆ గోడకు ముదురు రంగు అసలొద్దు. జాజు మీద తెల్ల ఉప్పు పది అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది, ఐవరీ మీద వెతికితే గానీ దొరకదు.

రాయి, మట్టి గోడల పాత ఇండ్లది వేరే కథ. వాటికి లప్పం, ఎమల్షన్ దట్టించి గాలాడకుండా చేస్తే తడి లోపలే చిక్కుకుని పొరలు పొరలుగా ఊడుతుంది. వాటికి ఇప్పటికీ సున్నమే సరైనది. అందులో జాజు గానీ నీలిమందు గానీ పసుపుమన్ను గానీ కలుపుకోవచ్చు. సున్నం తడి మీద ముదురుగా ఉండి ఆరాక తెల్లబడుతుంది, ఎమల్షన్ ఆరాక కొంచెం ముదురుతుంది. సున్నం గోడ మీద పసుపు చెయ్యి పడితే మాత్రం మరక ఎర్రగా తిరుగుతుంది, పారాణి కలిపినప్పుడు జరిగేదే అక్కడా జరుగుతుంది. దేవునర్రకు సున్నం వేసేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఎమల్షన్ గోడ మీద పసుపు పసుపుగానే ఉండి ఎండ తగిలేకొద్దీ వెలిసిపోతుంది.

డిస్టెంపరా, ఎమల్షనా? అద్దెకిచ్చే గదికి, రెండేండ్లకోసారి ఎలాగూ మార్చే గదికి డిస్టెంపర్ చాలు. కొంతకాలానికి చేతికి పొడి అంటుతుంది, తడిగుడ్డకు ఆగదు, లేత రంగులు తప్ప పలకదు. మనం ఉండే గదికి ఎమల్షనే. బిల్లు దగ్గర ఒక్కటి చూసుకోండి: ట్రాక్టర్ లాంటి పేర్లతో డిస్టెంపరూ ఉంది, ఎమల్షనూ ఉంది. "ట్రాక్టర్ వేసిన" అని మేస్త్రీ అంటే ఏది వేశాడో డబ్బా చూస్తే గానీ తేలదు. మెరుపు సంగతికొస్తే, గోడ వంకరలు మెరుపు లేని మ్యాట్ దాస్తుంది, సాటిన్ బయటపెడుతుంది. కిటికీ పక్క గోడ మీద వెలుతురు పక్కవాటుగా పడి లప్పం అలలన్నీ కనిపిస్తాయి కాబట్టి అక్కడ మ్యాటే వేయించండి. పాత సున్నం గోడను గీకకుండా ఎమల్షన్ వేసే మేస్త్రీని మాత్రం పనికి పెట్టుకోవద్దు.

కొనేముందు

రెండు మూడు షేడ్లకు కుదించుకున్నాక చిన్న డబ్బాలు కలిపించుకోండి. వాటిని పాత గోడ మీద నేరుగా పూయవద్దు. చుట్టూ ఉన్న పాత రంగు కొత్త రంగును మార్చి చూపిస్తుంది. తెల్ల డ్రాయింగ్ షీటు మీద రెండు చేతులు పూసి, అంచుల్లో తెలుపు వదిలి, ఆరాక గోడకు అంటించండి. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకు, రాత్రి మీరు వాడబోయే బల్బు వేసి చూడండి. ఒకసారి కింద నేల దగ్గర, ఒకసారి దర్వాజ పక్కన పెట్టి చూడండి. వీలైతే చారెడు వాకిలి దుమ్ము తెచ్చి షీటు మూలకు రుద్ది దులపండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. బూడిద సంగతి అక్కడే తేలిపోతుంది.

వాస్తు అడిగే పెద్దలుంటే దిక్కును బట్టి ఒక్కొక్కరు ఒక్కో రంగు చెప్తారు. వాళ్లు చెప్పిన రంగులోనే బాగా లేతది తీసుకుంటే తగవు ఉండదు.

మనం తీసుకున్న అర్రకు నాలుగు గోడలు కలిపి 480 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే 440 దాకా వస్తుంది. మంచి ఎమల్షన్ రెండు చేతులకు లీటరుకు ఉజ్జాయింపుగా 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 4 లీటర్ల డబ్బా సరిపోతుంది, స్లాబుకు ఇంకో లీటరు పైన పడుతుంది. కంపెనీ లెక్క డబ్బా మీద ఉంటుంది, గరుకు గోడకు అంతకంటే ఎక్కువే తాగుతుంది. మెషిన్‌లో కలిపిన రంగును షాపువాళ్లు సాధారణంగా వాపసు తీసుకోరు. అలాగని తక్కువ తెచ్చి మళ్లీ కలిపిస్తే ఛాయలో వెంట్రుకవాసి తేడా రావచ్చు. రెండు డబ్బాలు అవసరమైతే రెంటినీ ఒక బకెట్‌లో కలిపి వాడమనండి.

కాలం కుదిరితే జనవరి నుంచి మార్చి లోపు పని పెట్టుకోండి, మాఘం ముహూర్తాలకూ సరిపోతుంది. దసరాకు వేయించేవాళ్లు వానలు ఆగాక గోడకు కనీసం రెండు మూడు వారాలు ఎండ తగలనివ్వాలి. మే నెలలో రంగు రోలర్ కిందే ఆరిపోయి గీతలు పడతాయి. అప్పుడు తప్పదంటే పడమటి గోడను పొద్దున్నే, తూర్పు గోడను మధ్యాహ్నం దాటాక కొట్టించాలి.